ఆపరేషన్‌కి ముందు కడుపు కోసం ఇచ్చే మందులు: ఎవరికి ఏది, ఎంత ముందు

మెలకువగా ఉన్న మనిషికి పొలమారితే దగ్గు వస్తుంది. మత్తులో ఉన్న మనిషికి ఆ దగ్గు రాదు. కడుపులోది ఎగదన్ని గొంతులోకి వస్తే అక్కడి నుంచి నేరుగా ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. ఈ ముప్పు ఎక్కువగా రెండు సమయాల్లో పొంచి ఉంటుంది. మొదటిది నిద్రపుచ్చి శ్వాస గొట్టం వేసేటప్పుడు, రెండోది ఆపరేషన్ ముగిశాక ఆ గొట్టం తీసేటప్పుడు. మందు ఎంచుకునేవాళ్లు చాలామంది మొదటిదాన్నే తలచుకుని రెండోదాన్ని వదిలేస్తారు.

1946లో మెండెల్సన్ అనే అమెరికన్ ప్రసూతి వైద్యుడు 44,016 కాన్పులను పరిశీలించి, వాటిలో 66 మందికి ఇలా జరిగిందని రాశాడు. ఘనాహారం ఊపిరి దారిలో అడ్డుపడి ప్రాణం తీయడం ఒక రకం, కడుపులోని ఆమ్లం ఊపిరితిత్తులను కాల్చడం మరో రకం అని ఆయన విడదీసి చూపించాడు. మందులు బేరీజు వేసేటప్పుడు ఈ విభజనను పక్కన పెట్టకూడదు. ఆమ్లం పదును తగ్గించే మందులున్నాయి. తిన్న ఘనాహారపు ముక్కలను కరిగించే మందు మాత్రం లేదు. గంట క్రితం కడుపునిండా తిన్నవారికి ఎన్ని ఇంజెక్షన్లు ఇచ్చినా అది నిండు కడుపే. ఆపరేషన్ ఆగగలిగేదైతే ఆపడమే వైద్యం.

అసలు మందు కావాలా?

మామూలు ఆరోగ్యవంతుడు చెప్పినట్టు పస్తుండి వస్తే ఈ మందులేవీ అవసరం లేదు. అమెరికన్ సొసైటీ ఆఫ్ అనస్థీషియాలజిస్ట్స్ మార్గదర్శకాలు కూడా, ముప్పు పెరిగే కారణం కనపడని వారికి వీటిని మామూలుగా ఇవ్వవద్దనే చెబుతాయి. పస్తు గంటలు ఇవి: మంచినీళ్లు, గుజ్జులేని రసం, పాలు కలపని కాఫీ, టీ లాంటి పారదర్శక ద్రవాలకు 2 గంటలు, తల్లిపాలకు 4 గంటలు, ఇతర పాలకూ డబ్బా పాలకూ తేలికపాటి ఆహారానికీ 6 గంటలు, వేపుళ్లు, కొవ్వు, మాంసం తింటే 8 గంటలు లేదా అంతకన్నా ఎక్కువ. యూరప్ అనస్థీషియా వైద్యుల సొసైటీ 2022లో పిల్లలకు పారదర్శక ద్రవాల గడువును 1 గంటకు తగ్గించింది. నీళ్లు కడుపులో ఎక్కువసేపు నిలవవు. పది ఇరవై నిమిషాల్లో సగం పేగుల్లోకి దిగిపోతాయి. అందుకే అర్ధరాత్రి నుంచి చుక్క నీరు కూడా ముట్టనివ్వని పాత అలవాటు రోగిని దాహంతో మాడ్చడం తప్ప కడుపును మరింత ఖాళీ చేయదు.

ముప్పు నిజంగా ఉన్నవాళ్లు వేరు. అత్యవసర ఆపరేషన్‌కి వచ్చినవాళ్లు, నొప్పులు పడుతున్న గర్భిణులు, నడుం వాల్చగానే పుల్లటి నీళ్లు నోట్లోకి వచ్చేవాళ్లు, కడుపు పైభాగం ఛాతీలోకి జరిగే హయటస్ హెర్నియా ఉన్నవాళ్లు, ఏళ్ల తరబడి మధుమేహంతో కడుపు కదలిక మందగించినవాళ్లు, పేగు మూసుకుపోయినవాళ్లు ఈ జాబితాలోకి వస్తారు. దెబ్బలు తగిలి వచ్చినవారిలో ఒక లెక్క తరచూ తప్పుతుంది. చివరిసారి తిన్నప్పటి నుంచి ఆపరేషన్ దాకా ఎన్ని గంటలు గడిచాయన్నది కాదు, తిన్నప్పటి నుంచి దెబ్బ తగిలేదాకా ఎన్ని గంటలన్నది చూడాలి. దెబ్బ, నొప్పి, భయం, ఆపై ఇచ్చిన మార్ఫిన్ లాంటి మందులు అన్నీ కలిసి కడుపు కదలికను నిలిపేస్తాయి. రాత్రి ఎనిమిదికి తిని ఎనిమిదిన్నరకు కాలు విరిగినవాడు మర్నాడు ఉదయం కూడా నిండు కడుపుతోనే ఉండవచ్చు.

మూడు పనులు, మూడు రకాల మందులు

కడుపు మీద మందు చేయగల పనులు మూడే: ఇప్పటికే ఉన్న ఆమ్లాన్ని విరవడం, కొత్త ఆమ్లం ఊరకుండా ఆపడం, ఉన్నదాన్ని కిందికి తోయడం. ఒక మందు మరో మందు పని చేయదు. ఎంపికలో జరిగే తప్పుల్లో చాలావరకు ఈ మూడింటినీ ఒకటే అనుకోవడం వల్ల వచ్చేవే.

ఉన్న ఆమ్లాన్ని విరిచేది సోడియం సిట్రేట్. 0.3 మోలార్ గాఢత ఉన్న ద్రావణం 30 మి.లీ. తాగిస్తారు. కడుపులో ఆమ్లంతో కలిసిన వెంటనే పని మొదలవుతుంది. మిగతా మందులేవీ అంత త్వరగా పని చేయవు కాబట్టి చేతిలో పావుగంట కూడా లేనప్పుడు దీనికి సాటి లేదు. ప్రభావం అరగంట నుంచి గంట దాకానే ఉంటుంది. వార్డులో తాగించి పంపితే, థియేటర్ ఖాళీ లేక రోగి బయట ముప్పావుగంట వేచి ఉంటే ఇచ్చిన ఫలితం అక్కడే కరిగిపోతుంది. థియేటర్ బల్ల ఎక్కే ముందు, మత్తుకు ఓ పది ఇరవై నిమిషాల ముందు ఇవ్వాలి. తాగాక రోగిని అటూ ఇటూ ఒకసారి ఒత్తిగిల్లమంటే బాగా కలుస్తుంది. లోపాలు రెండు. దాని రుచికి కొందరికి వికారం పుడుతుంది. పైగా కడుపులో ఉన్నదానికి ఇంకో 30 మి.లీ. చేరుతుంది. ఆమ్లం పదును తగ్గే లాభంతో పోలిస్తే ఆ పెరుగుదల చిన్నదే అని మా అభిప్రాయం. కానీ పేగు మూసుకుపోయి కడుపు ఉబ్బి ఉన్నవాడికి ఇంకో ద్రవం తాగించడంలో అర్థం లేదు.

కొత్త ఆమ్లాన్ని ఆపేవి రెండు కుటుంబాలు. మొదటిది హెచ్2 బ్లాకర్లు: ఫామోటిడిన్, రానిటిడిన్. రెండోది ప్రోటాన్ పంప్ ఇన్హిబిటర్లు: ఒమెప్రజోల్, పాంటోప్రజోల్, ఎసోమెప్రజోల్. రోజువారీ ఎసిడిటీ వైద్యంలో రెండో కుటుంబానిదే పైచేయి కాబట్టి ఆపరేషన్ ముందు కూడా అదే మేలని చేయి అటే పోతుంది. ఒక్క మోతాదు మాత్రమే ఇచ్చే వీలున్నప్పుడు ఆ అంచనా తప్పు. ప్రోటాన్ పంప్ మందులు ఆ సమయంలో ఆమ్లాన్ని పంపుతున్న పంపులనే మూస్తాయి. పరగడుపున ఉన్న కడుపులో చాలా పంపులు నిద్రలో ఉంటాయి, వాటిని ఈ మందు అంటదు. అందుకే దీనికి రెండు మోతాదులు కావాలి: ముందు రాత్రి ఒమెప్రజోల్ 40 మి.గ్రా., ఉదయం మత్తుకు రెండు మూడు గంటల ముందు మరో 40 మి.గ్రా. హెచ్2 బ్లాకర్‌కి ఆ ఇబ్బంది లేదు. ఒక్క మోతాదుతోనే ఆమ్లం పదునునూ, ఊరే పరిమాణాన్నీ రెంటినీ తగ్గిస్తుంది. ఒకే మోతాదుగా పోల్చిన అధ్యయనాల్లో రానిటిడిన్ ప్రోటాన్ పంప్ మందుల కన్నా మెరుగ్గా నిలిచింది.

రానిటిడిన్‌లో ఎన్‌డీఎంఏ అనే కేన్సర్‌కారక మలినం చేరుతోందని తేలడంతో 2020 ఏప్రిల్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దాన్ని మార్కెట్ నుంచి వెనక్కి తీసుకోమంది. ఆపరేషన్ ముందు ఒక్క మోతాదు వల్ల వచ్చే ముప్పు ఎంతన్నది వేరే చర్చ. ఫామోటిడిన్ దొరికేచోట ఆ చర్చే అక్కర్లేదు, అదే వాడాలి. నోటి ద్వారా అయితే 40 మి.గ్రా., ముందు రాత్రి గానీ కనీసం రెండు గంటల ముందు గానీ. నరంలోకి అయితే 20 మి.గ్రా., పల్చన చేసి రెండు నిమిషాలకు తగ్గకుండా నెమ్మదిగా, మత్తుకు ముప్పావుగంట నుంచి గంట ముందు. ప్రభావం పది పన్నెండు గంటలు ఉంటుంది. అంటే గొట్టం తీసే సమయానికీ కాపలా ఉంటుంది, సిట్రేట్ ఇవ్వలేనిది ఇదే. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారికి మోతాదు తగ్గించాలి. రానిటిడిన్ 50 మి.గ్రా. వాడాల్సి వచ్చినా నరంలోకి ఒక్కసారిగా తోయకూడదు. గుండె వేగం, బీపీ పడిపోతాయి.

ఈ రెండు కుటుంబాలకూ ఒక ఉమ్మడి పరిమితి ఉంది. అప్పటికే కడుపులో ఉన్న ఆమ్లాన్ని ఇవి ముట్టవు. రోగిని బల్ల మీద పడుకోబెట్టాక పాంటోప్రజోల్ 40 మి.గ్రా. ఇంజెక్షన్ ఎక్కించి, ఛార్టులో రాసుకుని, కడుపు భద్రమైందని అనుకోవడం చాలాచోట్ల నడిచే అలవాటు. ఆ క్షణంలో ఆ మందు గొట్టం వేసే ఘట్టానికి ఏమీ చేయదు. మేల్కొనే వేళకు కొంత పనికొస్తుందేమో, అంతే.

కిందికి తోసే మందుల్లో మొదట చెప్పుకోవాల్సింది మెటోక్లోప్రమైడ్. 10 మి.గ్రా. నరంలోకి ఇస్తే కొన్ని నిమిషాల్లోనే పని మొదలవుతుంది, నోటి ద్వారా అయితే అరగంట నుంచి గంట. కడుపు సంకోచాలను పెంచుతుంది, ఆహారనాళం కింది బిగువును పెంచుతుంది, వికారం తగ్గిస్తుంది. ఆమ్లం పదును మీద మాత్రం దీనికి ఏ ప్రభావమూ లేదు. దీని బలహీనత ఏమిటంటే, మార్ఫిన్ జాతి మందులు, ఊటలను తగ్గించే అట్రోపిన్, గ్లైకోపైరోలేట్ దీని పనిని కొట్టేస్తాయి. నొప్పికి మార్ఫిన్ జాతికే చెందిన పెథిడిన్ ఇచ్చిన గర్భిణికి మెటోక్లోప్రమైడ్ ఇచ్చి కడుపు ఖాళీ అవుతుందని నమ్మకం పెట్టుకోకూడదు.

మెటోక్లోప్రమైడ్‌ను నరంలోకి తొందరగా తోస్తే రోగి ఒక్కసారిగా కుదురు లేకుండా అయిపోతాడు. ఒళ్లంతా గీరుకుపోతున్నట్టు, బల్ల మీంచి లేచి పారిపోవాలన్నట్టు ఉంటుంది. చూసేవాళ్లు దాన్ని భయం అనుకుంటారు. కనీసం రెండు మూడు నిమిషాలు తీసుకుని ఇస్తే ఇది బాగా తగ్గుతుంది. పిల్లల్లో, పాతికేళ్ల లోపు వారిలో మెడ ఒక పక్కకు తిరిగిపోవడం, కనుగుడ్లు పైకి తేలిపోవడం, దవడ బిగుసుకోవడం కనపడవచ్చు. ప్రోమెథజిన్ గానీ డైఫెన్‌హైడ్రమైన్ గానీ ఇంజెక్షన్ ఇస్తే వదులుతుంది. పార్కిన్సన్స్ ఉన్నవారికి, పేగు పూర్తిగా మూసుకుపోయినవారికి, ఫియోక్రోమోసైటోమా అనే అడ్రినల్ కణితి ఉన్నవారికి ఇవ్వకూడదు. ఆ కణితి ఉంటే బీపీ ప్రమాదకరంగా ఎగబాకుతుంది.

ఎరిత్రోమైసిన్ పేరుకు యాంటీబయాటిక్. చిన్న మోతాదులో కడుపు కదలికను నడిపే మోటిలిన్ అనే హార్మోన్ గ్రాహకాలను తట్టి, బలమైన సంకోచాలు పుట్టిస్తుంది. అత్యవసర ఆపరేషన్‌కి వచ్చిన 132 మంది మీద చేసి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, గొట్టం వేయడానికి ముందు కిలోకు 3 మి.గ్రా. చొప్పున నరంలోకి ఇచ్చి, తర్వాత ఎండోస్కోపీతో చూశారు. మందు ఇచ్చినవారిలో 80 శాతం మందికి, ఇవ్వనివారిలో 64 శాతం మందికి కడుపు ఖాళీగా కనిపించింది. తేడా నిజమే. కానీ మందు ఇచ్చిన ప్రతి ఐదుగురిలో ఒకరి కడుపు ఖాళీ కాలేదన్నది కూడా అదే లెక్కలో ఉంది. ఈసీజీలో క్యూటీ విరామం (గుండె ఒకసారి కొట్టుకుని మళ్లీ సిద్ధమయ్యే వ్యవధి) ఎక్కువున్నవారికి ప్రమాదం, గుండె లయ తప్పవచ్చు. లివర్‌లో ఇతర మందులు విచ్ఛిన్నం కాకుండా అడ్డుకుంటుంది కాబట్టి వాడుతున్న మందుల జాబితా చూడకుండా ఇవ్వకూడదు. మధుమేహంతో కడుపు మొద్దుబారినవారికి, కడుపులో రక్తం చేరినవారికి దీన్ని తలుచుకోవచ్చు. అందరికీ ఇచ్చే మందు కాదు.

కిందికి తోసే మరో మందు డోంపెరిడోన్ మాత్ర గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. గుండె లయ విషయంలో దానికీ అదే జాగ్రత్త. ఒండాన్‌సెట్రాన్ ఆపరేషన్ తర్వాతి వాంతులకు మంచి మందు, కానీ కడుపును ఖాళీ చేయదు, ఆమ్లాన్నీ తగ్గించదు. ఈ పనికి దాన్ని లెక్కలో వేసుకోవద్దు. గ్లైకోపైరోలేట్ ఊరే ద్రవాన్ని కొంత తగ్గించినా ఆహారనాళం కింది బిగువును వదులు చేస్తుంది. అందుకే కడుపు కోసమని దాన్ని ఇవ్వడం మార్గదర్శకాలు వద్దన్న పని.

చేతిలో ఎంత సమయం ఉందన్నదే ఎంపిక

ముందు రాత్రే తెలిసిన ఆపరేషన్, రోగికి పుల్లత్రేన్పుల బాధ ఎక్కువ అనుకుందాం. రాత్రి ఒకటి, ఉదయం ఒకటి ఒమెప్రజోల్ 40 మి.గ్రా. సరిపోతుంది. రోజూ వాడుతున్నవారైతే ఆపకుండా ఉదయం మోతాదు గుక్కెడు నీళ్లతో వేసుకోవాలి. ఆ గుక్కెడు నీళ్ల వల్ల ఆపరేషన్ వాయిదా పడనక్కర్లేదు.

ఉదయం మాత్రమే కలిసే రోగి, ఇంకో రెండు గంటల వ్యవధి ఉంటే ఫామోటిడిన్ 40 మి.గ్రా. మాత్ర. గంటే ఉంటే 20 మి.గ్రా. నరంలోకి, అవసరమైతే మెటోక్లోప్రమైడ్ 10 మి.గ్రా. తోడు. పావుగంట ఉంటే సిట్రేట్ ఒక్కటే గొట్టం వేసే ఘట్టానికి పనికొస్తుంది. అప్పుడు కూడా ఫామోటిడిన్ ఇవ్వడం దండగ కాదు, దాని పని మేల్కొనే వేళకు.

సిజేరియన్‌లో మూడూ కలిపి వాడటానికి గట్టి కారణం ఉంది. ప్రొజెస్టిరోన్ అనే గర్భకాలపు హార్మోన్ ఆహారనాళం బిగువును సడలిస్తుంది, గర్భాశయం కడుపును పైకి నెడుతుంది, నొప్పులు, నొప్పి మందులు కడుపు కదలికను ఆపుతాయి. పైగా ఎప్పుడు పూర్తి మత్తు అవసరపడుతుందో ముందుగా చెప్పలేం. నడుము ఇంజెక్షన్‌తోనే మొదలుపెట్టినా అది చాలక మధ్యలో నిద్రపుచ్చాల్సి రావచ్చు. ముందే తేదీ పెట్టుకున్న సిజేరియన్‌కి రాత్రి, ఉదయం ఆమ్లం ఆపే మాత్ర. అత్యవసరంగా పూర్తి మత్తులో చేసేదానికి ఫామోటిడిన్ 20 మి.గ్రా., మెటోక్లోప్రమైడ్ 10 మి.గ్రా. నరంలోకి, బల్ల దగ్గర సిట్రేట్ 30 మి.లీ. వీటిలో ఒక్కటే ఇచ్చే వీలుంటే మా ఎంపిక సిట్రేట్.

పేగు మూసుకుపోయిన రోగికి మందుల కన్నా ముందు రైల్స్ ట్యూబ్. ముక్కులోంచి కడుపులోకి వేసి లీటర్ల కొద్దీ చేరిన ద్రవాన్ని లాగేయాలి. తోసే మందు ఇస్తే మూసుకున్న చోటికి ఒత్తిడి పెరిగి నొప్పి, చిల్లు పడే ముప్పు పెరుగుతాయి. ట్యూబ్‌తో లాగాక కడుపు పూర్తిగా ఖాళీ అయిందని అనుకోవడం కూడా తప్పే. చిక్కటి పదార్థం ఆ సన్నని గొట్టంలోంచి రాదు.

సెమాగ్లుటైడ్, లిరాగ్లుటైడ్, డులాగ్లుటైడ్, టిర్జెపటైడ్ లాంటి ఇంజెక్షన్లు బరువుకో షుగర్‌కో వాడుతున్నవారి సంగతి గత కొన్నేళ్లలో వచ్చిన కొత్త చిక్కు. ఇవి కడుపు ఖాళీ అవడాన్నే మందగింపజేస్తాయి. 2023 జూన్‌లో అమెరికన్ సొసైటీ రోజూ తీసుకునేదైతే ఆ రోజు, వారానికోసారి తీసుకునేదైతే వారం ముందు ఆపమంది. సెమాగ్లుటైడ్ అర్ధాయుష్షే దాదాపు వారం కాబట్టి వారం ఆపినా సగం ఒంట్లోనే ఉంటుంది. 2024 అక్టోబరులో పలు సంఘాలు కలిసి ఇచ్చిన సలహా వైఖరి మార్చింది. చాలామంది కొనసాగించవచ్చని, మోతాదు పెంచుతున్న దశలో ఉన్నవారు, వికారం, ఉబ్బరం, వాంతులు ఉన్నవారు లాంటి ముప్పు ఎక్కువున్నవారు ముందు 24 గంటలు ద్రవాహారమే తీసుకోవాలని, అనుమానముంటే అల్ట్రాసౌండ్‌తో చూడాలని. ఈ రోగుల్లో మిగిలేది ఘనాహారం కాబట్టి ఫామోటిడిన్ గానీ సిట్రేట్ గానీ దానికి జవాబు కావు.

అనుమానం ఉన్నచోట మందు కన్నా అల్ట్రాసౌండే ఎక్కువ చెబుతుంది. రోగిని కుడి పక్కకు తిప్పి, కడుపు చివరి భాగమైన ఆంట్రమ్ అడ్డుకోత వైశాల్యం కొలుస్తారు. గర్భిణులు కాని పెద్దవారిలో ద్రవ పరిమాణం లెక్క ఇది: 27కి వైశాల్యాన్ని చదరపు సెంటీమీటర్లలో 14.6తో గుణించి కలపాలి, వయసును 1.28తో గుణించి తీసేయాలి. నలభై ఏళ్ల, 60 కిలోల మనిషికి వైశాల్యం 9 వస్తే దాదాపు 107 మి.లీ., అంటే కిలోకు 1.8 మి.లీ. కిలోకు 1.5 దాటితే మామూలు పరగడుపు కాదు. ఘనపదార్థం కనిపిస్తే లెక్కే అక్కర్లేదు, నిండు కడుపుగానే చూడాలి. సిట్రేట్ ఇవ్వాలనుకుంటే స్కాన్ అయ్యాకే ఇవ్వాలి, లేకపోతే ఆ 30 మి.లీ. కూడా లెక్కలోకి వచ్చేస్తుంది.

కడుపులో ద్రవం 25 మి.లీ. దాటితే, పీహెచ్ (ఆమ్లం పదును కొలత, అంకె తగ్గేకొద్దీ పదును ఎక్కువ) 2.5 కన్నా తగ్గితే ముప్పని పాఠ్యపుస్తకాల్లో కనిపించే గీతలు కోతి మీద చేసిన ప్రయోగం నుంచి వచ్చినవి. పస్తున్న ఆరోగ్యవంతుల్లోనూ చాలామందికి అంతకన్నా ఎక్కువ ద్రవమే ఉంటుంది. మందులు పీహెచ్‌ను పెంచుతాయని, పరిమాణాన్ని తగ్గిస్తాయని రుజువుంది. వాటివల్ల ఊపిరితిత్తుల్లోకి జారిన ఘటనలు తగ్గాయని మాత్రం నేరుగా రుజువు లేదు, ఎందుకంటే అలాంటి ఘటనలే అరుదు. కాబట్టి ముప్పున్న రోగికి ఈ మందులన్నీ ఇచ్చినా నిద్రపుచ్చే పద్ధతి మారకూడదు: తల వైపు ఎత్తి, ముందే ఆక్సిజన్ నింపి, నోట్లోని ద్రవాన్ని లాగే సక్షన్ యంత్రం ఆన్ చేసి చేతికందేలా ఉంచి, నిద్ర మందు వెంటే కండరాలు సడలించే మందు ఇచ్చి, త్వరగా గొట్టం వేయడం. ముగింపులో కూడా అంతే జాగ్రత్త. ట్యూబ్ ఉంటే కడుపు మళ్లీ లాగి, చెప్పిన మాట విని కళ్లు తెరిచాకే గొట్టం తీయాలి.

ఇంట్లో రోగి చేయకూడనిది

ఆపరేషన్ ఉదయం ఛాతీ మంటగా ఉందని, పాలలా తెల్లగా చిక్కగా ఉండే యాంటాసిడ్ సిరప్ తాగకండి. అందులో అల్యూమినియం, మెగ్నీషియం సమ్మేళనాల రేణువులుంటాయి. ఆమ్లాన్ని విరుస్తాయన్నది నిజమే, కానీ ఆ రేణువులు ఊపిరితిత్తుల్లోకి వెళితే ఆమ్లం లాగే దెబ్బతీస్తాయి. సిట్రేట్‌ను ఎంచుకోవడానికి కారణమే అది, రేణువుల్లేని ద్రవం కాబట్టి. పొరపాటున తాగేసి ఉంటే దాచకుండా ఏ సమయానికి, ఎంత తాగారో మత్తు డాక్టరుకి చెప్పండి. రాత్రి పడుకున్నప్పుడు నోట్లోకి పులుపు వస్తుందా, బరువు తగ్గే ఇంజెక్షన్ చివరిసారి ఏ రోజున తీసుకున్నారు, చివరి ముద్ద ఎన్ని గంటలకు తిన్నారు అన్నవి అడగకపోయినా చెప్పండి.